బహుళ అధ్యయన రంగాల ఉదారవిద్యా డిగ్రీ: ప్రణాళికా రచన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒకే డిగ్రీలో రెండు మూడు రంగాలను ప్రధానంగా చదివే అవకాశం భారతీయ ఉన్నతవిద్యలో ఇప్పుడు విస్తృతమవుతోంది. జాతీయ విద్యావిధానం–2020, దానిని అనుసరించి 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) వెలువరించిన పాఠ్యప్రణాళిక, క్రెడిట్ల చట్రం ఇందుకు ఆధారాలు. అయితే విషయాల సంఖ్య పెరిగినంత మాత్రాన చదువు ఉదారవిద్య కాదు. ఆ విషయాలను కలిపే ప్రశ్న ఒకటి ఉండాలి. చివరి సెమిస్టరులో విద్యార్థి చేయవలసిన పనిని ముందుగా నిర్ణయించుకొని, అక్కడినుండి వెనక్కి ప్రణాళిక రచించాలి. ఈ ప్రతిపాదనను క్రెడిట్ల గణనతోను, తెలుగు ప్రాంతానికి చెందిన ఒక నమూనా ప్రణాళికతోను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉదారవిద్య, బహుళ అధ్యయన రంగాలు, క్రెడిట్ల చట్రం, మేజర్, మైనర్, అంతర్విషయక అధ్యయనం, సమన్వయ పత్రం.

1. ఉపోద్ఘాతం

డిగ్రీలో చేరే విద్యార్థికి సాధారణంగా పదిహేడు, పద్దెనిమిదేళ్ళుంటాయి. ఏ విషయాలు చదవాలో నిర్ణయించుకోవడానికి అతనికి లభించే వ్యవధి ప్రవేశాల కాలంలోని కొన్ని రోజులు మాత్రమే. కుటుంబంలో మొదటి తరం విద్యావంతుడైతే ఇంట్లో సలహా చెప్పేవారు ఉండరు. అతడు కళాశాలకు వచ్చి అధ్యాపకుణ్ణి అడుగుతాడు. అధ్యాపకుడు చెప్పిన మాట ఆ విద్యార్థి మూడు నాలుగేళ్ళ చదువును, ఆ తర్వాత స్నాతకోత్తర ప్రవేశాన్ని, ఉద్యోగార్హతను ప్రభావితం చేస్తుంది. అందువల్ల బహుళ రంగాల డిగ్రీని ఎలా ప్రణాళికాబద్ధం చేయాలన్నది కేవలం పరిపాలనాంశం కాదు. అది బోధకుల బాధ్యతకు సంబంధించిన విషయం.

ఈ వ్యాసంలో ముందుగా ఉదారవిద్య భావనను, తెలుగు రాష్ట్రాల కళాశాలల్లోని ‘గ్రూపు’ సంప్రదాయాన్ని పరిశీలించి, తరువాత యు.జి.సి. చట్రంలోని లెక్కను, ప్రణాళికా సూత్రాలను, ఒక నమూనాను వరుసగా చర్చిద్దాం.

2. ఉదారవిద్య: భావన, పరిణామం

‘లిబరల్’ అనే మాటకు మూలం స్వేచ్ఛను సూచించే లాటిన్ పదం. స్వతంత్రుడైన పౌరునికి తగిన విద్య అని దాని తొలి అర్థం. మధ్యయుగ ఐరోపాలో ఈ విద్య ఏడు శాస్త్రాలుగా స్థిరపడింది. వ్యాకరణం, తర్కం, వాగ్మితాశాస్త్రం అనే మూడు ఒక శ్రేణి. అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం అనే నాలుగు మరొక శ్రేణి. భాషను, సంఖ్యను రెండింటినీ సాధించినవాడే విద్యావంతుడన్న అవగాహన ఈ విభజనలో ఉంది. మన దేశంలో చతుష్షష్టి కళల భావన ఇటువంటి విస్తృతినే సూచిస్తుంది. జాతీయ విద్యావిధానం–2020 బాణభట్టుని ‘కాదంబరి’ని ప్రస్తావిస్తూ ఈ భావనను గుర్తుచేసింది.

ఆధునిక విశ్వవిద్యాలయంలో విజ్ఞానం విస్తరించిన కొద్దీ అందరూ అన్నీ చదవడం అసాధ్యమైంది. అప్పుడు ఎంపిక అవసరమైంది. ఈ పరిణామానికి హార్వర్డ్ చరిత్ర మంచి ఉదాహరణ. 1869 నుండి 1909 వరకు అధ్యక్షుడుగా ఉన్న చార్లెస్ ఎలియట్ నిర్బంధ విషయాలను క్రమంగా తగ్గించి, విద్యార్థికి విస్తృతమైన స్వేచ్ఛనిచ్చాడు. ఆ స్వేచ్ఛ వల్ల చాలామంది ఒకదానితో ఒకటి పొసగని ప్రారంభస్థాయి కోర్సులను పోగుచేసుకొని పట్టా పొందుతున్నారన్న విమర్శ వచ్చింది. ఎలియట్ తరువాత అధ్యక్షుడైన లారెన్స్ లోవెల్ దీనికి పరిష్కారంగా కొన్ని కోర్సులు ఒకే రంగంలో సాంద్రంగాను, మరికొన్ని ఇతర రంగాలలో విస్తృతంగాను ఉండాలన్న నియమం తెచ్చాడు. లోతు, విస్తృతి అనే ఈ రెండింటి మధ్య తూకమే నేటి మేజర్, మైనర్ విధానాలకు పునాది.

ఈ చరిత్ర మనకు చెప్పేది ఒక్కటే. స్వేచ్ఛ ఇవ్వడం సులభం. ఆ స్వేచ్ఛకు ఒక ఆకృతి కల్పించడమే కష్టం.

3. తెలుగు రాష్ట్రాలలో ‘గ్రూపు’ సంప్రదాయం

బహుళ విషయాల డిగ్రీ మనకు కొత్తది కాదు. మన కళాశాలల్లో బి.ఏ. అంటే దీర్ఘకాలం మూడు ఐచ్ఛిక విషయాల కూర్పే. ‘నీది ఏ గ్రూపు?’ అన్న ప్రశ్నకు ‘హెచ్.ఇ.పి.’ అన్న సమాధానం వస్తే చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం అని ప్రతి అధ్యాపకునికీ తెలుసు. చరిత్ర, రాజనీతిశాస్త్రాలతో ప్రత్యేక తెలుగును కలిపి చదివినవారు ఎందరో తరువాత తెలుగు ఎం.ఏ.లో చేరి పరిశోధకులయ్యారు.

ఈ సంప్రదాయానికి బలం ఉంది. మూడు విషయాలలోనూ సమాన ప్రతిపత్తి ఉండటం వల్ల విద్యార్థికి మూడు ద్వారాలు తెరిచి ఉండేవి. పోటీ పరీక్షలకు అది ఉపకరించేది. అయితే ఒక లోపం కూడా ఉంది. ఆ మూడు విషయాలు ఒకే విద్యార్థి కాలపట్టికలో కలిశాయిగాని, ఒకే తరగతి గదిలో ఎన్నడూ కలవలేదు. రైతువారీ విధానాన్ని చరిత్ర అధ్యాపకుడు ఒక విధంగా, భూసంస్కరణలను అర్థశాస్త్ర అధ్యాపకుడు మరొక విధంగా బోధించేవారు. రెండింటి సంబంధాన్ని అడిగే ప్రశ్న ఏ ప్రశ్నపత్రంలోనూ ఉండేది కాదు. అనుసంధానం విద్యార్థి ఊహకే వదిలివేయబడింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023–24 విద్యాసంవత్సరం నుండి మూడు విషయాల కూర్పు స్థానంలో ఏక మేజర్ విధానం, దానితోపాటు మైనర్ ప్రవేశపెట్టారు. ఒక విషయంలో లోతు పెరగడం దీని ప్రయోజనం. మూడు విషయాలకు ఉన్న సమాన ప్రతిపత్తి పోవడం దీని పరిమితి. పాత విధానంలో విస్తృతి ఉండి అనుసంధానం లేదు. కొత్త విధానంలో లోతు ఉన్నా, అనుసంధానం దానంతటదే రాదు. కనుక విధానం ఏదైనా అనుసంధానాన్ని ప్రణాళికలోనే చేర్చవలసి ఉంటుంది.

4. క్రెడిట్ల చట్రం: తప్పనిసరిగా వేయవలసిన లెక్క

యు.జి.సి. చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీకి 160 క్రెడిట్లు అవసరం. ఉపన్యాస తరగతులలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టరుకు 15 గంటల బోధన. మూడేళ్ళ డిగ్రీలో కనీస విభజన ఇలా ఉంటుంది: మేజర్ 60, మైనర్ 24, బహువిషయక కోర్సులు 9, భాషా సామర్థ్య కోర్సులు 8, నైపుణ్య కోర్సులు 9, విలువల కోర్సులు 6 నుండి 8, వేసవి ఇంటర్న్‌షిప్ 2 నుండి 4. నాలుగేళ్ళ డిగ్రీలో మేజర్ 80కి, మైనర్ 32కి పెరుగుతాయి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు సాధించి, నాల్గవ సంవత్సరంలో పరిశోధనను ఎంచుకొన్నవారికి 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు ఉంటుంది.

ఒకటికి మించిన రంగాలను కోరే విద్యార్థికి ఈ చట్రంలో మూడు మార్గాలు కనిపిస్తాయి.

మొదటిది మేజర్–మైనర్ మార్గం. ఒక రంగం ప్రధానం, మరొకటి ఉపప్రధానం. ఇది సరళమైనది.

రెండవది ద్వంద్వ మేజర్. ఇందుకు రెండవ మేజర్ విషయంలో మొత్తం క్రెడిట్లలో కనీసం 40 శాతం సాధించాలి. ఇక్కడ లెక్క జాగ్రత్తగా వేయాలి. 120లో 40 శాతం 48. మొదటి మేజర్ 60, రెండవది 48 కలిపితే 108. మైనర్‌ను రెండవ మేజర్‌లో లీనమైనదిగా భావించినా, బహువిషయక, భాషా, నైపుణ్య, విలువల కోర్సులు, ఇంటర్న్‌షిప్ కలిసి కనీసం 34 క్రెడిట్లు మిగిలే ఉంటాయి. మొత్తం 142 అవుతుంది. అంటే 120 దాటి 22 క్రెడిట్లు అదనం. నాలుగేళ్ళ డిగ్రీలోనూ 80, 64, 34 కలిపితే 178 అవుతుంది. పైగా, ఇంటర్మీడియట్ స్థాయిలో చదివిన, ప్రతిపాదిత మేజర్ లేదా మైనర్ రంగానికి చెందిన కోర్సులను బహువిషయక విభాగంలో మళ్ళీ తీసుకోవడానికి వీలులేదు. కనుక ఆ 9 క్రెడిట్లతో మేజర్ కొరతను పూడ్చుకోవడం కూడా సులభం కాదు. ద్వంద్వ మేజర్ కోరే విద్యార్థికి ఈ అదనపు భారాన్ని మొదటి సెమిస్టరులోనే చెప్పాలి. ఉమ్మడి కోర్సులను రెండు మేజర్లకూ లెక్కించే వెసులుబాటు ఉన్నదా లేదా అన్నది సంబంధిత విశ్వవిద్యాలయ నిబంధనలలో చూసుకోవాలి.

మూడవది అంతర్విషయక మార్గం. ఇందులో కోర్ క్రెడిట్లను భాగస్వామ్య విషయాల మధ్య పంచుతారు. ఎకనోమెట్రిక్స్ వంటి కార్యక్రమానికి అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం, గణితం కలిసి అవసరమైనట్లే, ఇతర రంగాలలోనూ ఇటువంటి కూర్పులు సాధ్యం. బహుళ అధ్యయన రంగాల ఉదారవిద్యా డిగ్రీకి అత్యంత సన్నిహితమైన మార్గం ఇదే. 60 క్రెడిట్లు మూడు రంగాలకు పంచినా మొత్తం 120లోనే ఇముడుతుంది.

5. ప్రణాళికా సూత్రాలు

5.1. విషయాలకు ముందు ప్రశ్న. ‘ఏయే విషయాలు?’ అని కాక ‘ఏమి తెలుసుకోవాలి?’ అని మొదలుపెట్టాలి. ఒక విషయం ఒంటరిగా సమాధానం చెప్పలేని ప్రశ్నే బహుళ రంగాల చదువుకు సమర్థన. అటువంటి ప్రశ్న లేనప్పుడు ఏక మేజర్ చదవడమే మేలు.

5.2. చివరినుండి మొదటికి. ఆరవ సెమిస్టరులో విద్యార్థి రాయవలసిన సమన్వయ పత్రాన్ని ముందుగా ఊహించుకోవాలి. అది రాయడానికి ఏయే పద్ధతులు రావాలో గుర్తించి, వాటిని బోధించే కోర్సులను ముందు సెమిస్టర్లలో అమర్చాలి.

5.3. ప్రతి రంగంలోనూ మెట్లు ఎక్కాలి. యు.జి.సి. చట్రంలో 100 నుండి 199 వరకు సంఖ్యలున్నవి పునాది కోర్సులు, 200 శ్రేణివి మధ్యస్థాయివి, 300 శ్రేణివి ఉన్నతస్థాయివి, 400 శ్రేణివి మరింత ప్రగాఢమైనవి. ఏ రంగంలోనైనా 100 శ్రేణి దగ్గరే ఆగిపోతే అది అధ్యయన రంగం కాదు, పరిచయం మాత్రమే. ఎలియట్ నాటి విమర్శ సరిగ్గా ఇదే.

5.4. రంగాల మధ్య పద్ధతిభేదం ఉండాలి. ఒకే పద్ధతిలో ఆలోచించే మూడు విషయాలకంటే, పత్రాలను చదివే చరిత్ర, అంకెలను పరిశీలించే అర్థశాస్త్రం, పాఠాన్ని వ్యాఖ్యానించే సాహిత్యం కలిసినప్పుడు విద్యార్థి దృష్టి విస్తరిస్తుంది.

5.5. బయటి ద్వారాలను ముందే చూడాలి. ప్రణాళిక ఎంత అందంగా ఉన్నా, అది విద్యార్థి తరువాత కోరుకొనే అర్హతను కోల్పోయేలా ఉండకూడదు.

6. ఒక నమూనా: ‘డెల్టాలో నీరు, భూమి, సమాజం’

ఈ సూత్రాలను ఒక ఉదాహరణకు అన్వయించి చూద్దాం. విద్యార్థి ప్రశ్న ఇది: ‘ఆనకట్టలు కృష్ణా, గోదావరి డెల్టాల జీవితాన్ని ఎలా మార్చాయి?’

ఆర్థర్ కాటన్ నేతృత్వంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట 1855 నాటికి సిద్ధమైంది. 1832–33లో వచ్చిన నందన కరువు జ్ఞాపకం ఇంకా చెరగని కాలమది. ఇంతవరకు చరిత్ర. ఆనకట్ట తర్వాత పెరిగిన వరిసాగు, భూమి విలువ, కౌలు, కూలి, రుణభారం అర్థశాస్త్రాంశాలు. ఎన్.జి. రంగా 1920లలోనే డెల్టా గ్రామాల ఆర్థిక జీవనాన్ని అధ్యయనం చేశారు. ఆ సమాజంలో భూమి ఉన్నవారికి, లేనివారికి మధ్య సంబంధాలు మనుషుల మాటల్లో ఎలా వినిపించాయో తెలియాలంటే సాహిత్యం చదవాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ ఇందుకు ముఖ్యమైన ఆధారం. నవల గణాంకాల పట్టిక కాదు. దానిని పట్టికలా చదవకూడదు. అయితే రెవెన్యూ రికార్డులు నమోదు చేయని అనుభవం అందులో ఉంటుంది.

‘నీటి తీరువా’ అనే ఒక్క మాటను తీసుకొందాం. చరిత్రకారునికి అది వలస ప్రభుత్వ రాబడి. ఆర్థికవేత్తకు అది నీటికి కట్టిన వెల. రైతుకు అది పంట పోయినా మీదపడే భారం. మూడు అర్థాలనూ ఒకేచోట నిలబెట్టి, వాటి మధ్య విభేదాన్ని వివరించగలిగినప్పుడే విద్యార్థి అంతర్విషయక అధ్యయనం చేసినట్లు లెక్క.

ఇప్పుడు క్రెడిట్ల పంపకం. 4 క్రెడిట్ల చొప్పున 15 కోర్ పత్రాలు: చరిత్ర 6, అర్థశాస్త్రం 5, తెలుగు 4. అంటే 24, 20, 16. మొత్తం 60 క్రెడిట్లు. మైనర్‌గా భూగోళశాస్త్రం, సెమిస్టరుకు ఒక పత్రం చొప్పున 24 క్రెడిట్లు. మిగిలిన 36 క్రెడిట్లు ఉమ్మడి కోర్సులవి. సెమిస్టరుకు 20 క్రెడిట్లు వచ్చేలా కోర్ పత్రాలను ఇలా అమర్చవచ్చు:

మొదటి సెమిస్టరు: చరిత్ర, అర్థశాస్త్రం ఒక్కొక్కటి.
రెండవ సెమిస్టరు: చరిత్ర, తెలుగు ఒక్కొక్కటి.
మూడవ సెమిస్టరు: అర్థశాస్త్రం, తెలుగు ఒక్కొక్కటి.
నాల్గవ సెమిస్టరు: మూడు రంగాలలోనూ ఒక్కొక్కటి.
ఐదవ సెమిస్టరు: చరిత్ర రెండు, అర్థశాస్త్రం ఒకటి.
ఆరవ సెమిస్టరు: మూడు రంగాలలోనూ ఒక్కొక్కటి; ఇందులో చరిత్ర పత్రమే సమన్వయ పత్రం.

మొదటి మూడు సెమిస్టర్లలో ప్రతిదానిలో ఒక బహువిషయక కోర్సు (3), ఒక నైపుణ్య కోర్సు (3), ఒక భాషా కోర్సు (2) ఉంటాయి. నాల్గవ సెమిస్టరులో చివరి భాషా కోర్సు (2), ఒక విలువల కోర్సు (2); ఆరవ సెమిస్టరులో మిగిలిన రెండు విలువల కోర్సులు (4). నాల్గవ సెమిస్టరు తర్వాత వేసవిలో చేసే ఇంటర్న్‌షిప్ 4 క్రెడిట్లను ఐదవ సెమిస్టరులో లెక్కించాలి. ఈ విధంగా 60, 24, 36 కలిసి సరిగ్గా 120 అవుతాయి.

ఉమ్మడి కోర్సులను కూడా వృథా చేయకూడదు. నైపుణ్య కోర్సులలో ఒకటి ప్రాథమిక గణాంకశాస్త్రం కావాలి. ధరల పట్టికలు చదవడానికి అది అవసరం. మరొకటి పటాల రూపకల్పన కావచ్చు. ఇంటర్న్‌షిప్‌ను రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి చోట పాత పత్రికలు, గ్రంథాల పరిశీలనకు వినియోగించవచ్చు. లేదా 1997నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘం పనితీరును దగ్గరగా చూడవచ్చు. ఇలా చేస్తే సమన్వయ పత్రానికి కావలసిన సామగ్రి అంతా ఐదవ సెమిస్టరు నాటికి విద్యార్థి చేతిలో ఉంటుంది.

సమన్వయ పత్రాన్ని కనీసం రెండు శాఖల అధ్యాపకులు కలిసి మూల్యాంకనం చేయాలి. ఒకే శాఖ చేస్తే విద్యార్థి ఆ శాఖ భాషలోనే రాస్తాడు. మిగిలిన రంగాలు అలంకారప్రాయమవుతాయి.

7. ఆచరణలో ఎదురయ్యే సమస్యలు

7.1. అర్హతల సమస్య. బి.ఇడి. ప్రవేశంలో బోధనాపద్ధతి ఎంపిక డిగ్రీలో చదివిన విషయాలపై ఆధారపడుతుంది. స్నాతకోత్తర విద్యలో యు.జి.సి. 2024లో ఇచ్చిన చట్రం మేజర్, మైనర్ రెండింటిలో ఏ విషయంలోనైనా ప్రవేశానికి అవకాశమిస్తోంది. ఆచరణలో విశ్వవిద్యాలయాల ప్రవేశ ప్రకటనలు వేర్వేరుగా ఉండవచ్చు. పై నమూనాలో తెలుగుకు 16 క్రెడిట్లే ఉన్నాయి. విద్యార్థి తెలుగు పండితుడు కావాలనుకొంటే ఆ కూర్పు సరిపోదు; తెలుగును మైనర్‌గానైనా, ప్రధాన రంగంగానైనా మార్చాలి. మార్చే అవకాశం ఉన్న రెండవ సెమిస్టరులోనే ఈ చర్చ జరగాలి. ఆరవ సెమిస్టరులో తెలిస్తే సరిదిద్దడానికి వేళ ఉండదు.

7.2. వనరుల సమస్య. చిన్న కళాశాలలో భూగోళశాస్త్ర శాఖ ఉండకపోవచ్చు. అటువంటప్పుడు స్వయం వేదికలోని కోర్సులను పరిశీలించాలి. యు.జి.సి. నిబంధనలు ఒక సెమిస్టరులోని కోర్సులలో 40 శాతం వరకు ఈ వేదిక ద్వారా చదవడానికి అనుమతిస్తున్నాయి. ఆ క్రెడిట్లను అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ద్వారా జమచేసుకోవచ్చు. అయితే ఒక రంగం మొత్తాన్ని తెరపైనే చదివించడం మంచిది కాదు; ఒక అధ్యాపకుడైనా దగ్గరుండి మార్గదర్శనం చేయాలి.

7.3. శాఖల మధ్య పోటీ. విద్యార్థుల సంఖ్యపై పనిభారం, పనిభారంపై పోస్టులు ఆధారపడి ఉంటాయి. అందువల్ల ప్రతి శాఖా తన విషయాన్నే మేజర్‌గా తీసుకోమని చెప్పడం సహజం. అది అధ్యాపకుల స్వార్థం అని తేలికగా తీసివేయలేము; వారి ఉద్యోగ భద్రతతో ముడిపడిన విషయమది. అంతర్విషయక కార్యక్రమంలో బోధించిన పత్రాలను ఆయా శాఖల పనిభారంలో పూర్తిగా లెక్కిస్తేనే ఈ ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడే సలహా ఇచ్చే అధ్యాపకుడు విద్యార్థి ప్రయోజనాన్ని మాత్రమే చూడగలుగుతాడు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• బహుళ విషయాల చదువు తెలుగు రాష్ట్రాల కళాశాలలకు కొత్త కాదు. మూడు విషయాల గ్రూపు సంప్రదాయంలో విస్తృతి ఉన్నా అనుసంధానం లోపించింది.
• యు.జి.సి. చట్రంలో ద్వంద్వ మేజర్ 120 క్రెడిట్లలో ఇమడదు. మూడు రంగాలను సమన్వయించడానికి అంతర్విషయక మార్గమే అనుకూలం.
• ప్రణాళిక ఒక ప్రశ్నతో మొదలై, చివరి సెమిస్టరులోని సమన్వయ పత్రంనుండి వెనక్కి సాగాలి.
• ప్రతి రంగంలోనూ ఉన్నతస్థాయి కోర్సు వరకు చేరినప్పుడే దానిని అధ్యయన రంగమనాలి.
• అర్హతలను, శాఖల పనిభారాన్ని విస్మరించిన ప్రణాళిక కాగితంపైనే మిగిలిపోతుంది.

మూడు విషయాలు చదివిన విద్యార్థికి మూడు పుస్తకాలు గుర్తుంటే అది సాధారణ డిగ్రీ. తన ఊరి కాలువగట్టు మీద నిలబడి ఆ నీటి వెనుక ఉన్న చరిత్రను, లెక్కను, మనిషి మాటను కలిపి చూడగలిగితే అది ఉదారవిద్య. ఆ చూపును విద్యార్థికి ఇవ్వడానికి అధ్యాపకులు మొదట తమ శాఖల గడపలు దాటి ఒకచోట కూర్చోవలసి ఉంటుంది.